కాల్పులు జరిగాయి: ఒక పోలీసు సినిమాకు తెలుగు మాటలు రాసిన అనుభవం

సినిమా నా దగ్గరకు వచ్చేసరికి తమిళంలో విడుదలై నాలుగు నెలలైంది. నిడివి 2 గంటల 8 నిమిషాలు. పాటలు లేవు, ఫైట్లు లేవు, హీరో అని చెప్పుకోదగ్గ మనిషీ లేడు. ఒక పోలీస్ స్టేషన్, అందులో ఒక ఎస్సై, ఒక హెడ్ కానిస్టేబుల్, నలుగురు కానిస్టేబుళ్ళు. కాలం 1965 జనవరి, ఫిబ్రవరి. ఊరు కోయంబత్తూరు వైపు ఒక చిన్న టౌను. బయట హిందీ వ్యతిరేక ఉద్యమం రగులుతోంది. సినిమా సగానికి వచ్చేసరికి పోలీసు కాల్పుల్లో ఒక కాలేజీ కుర్రాడు చనిపోతాడు. మిగతా సగమంతా విచారణే. కాల్చమన్నది ఎవరు, కాల్చింది ఎవరు.

నేను ఇరవై రెండేళ్ళుగా చెన్నైలో తమిళ సినిమాలకు తెలుగు డబ్బింగ్ మాటలు రాస్తున్నాను. ఉండేది సాలిగ్రామం. సినిమా పేరూ నిర్మాత పేరూ ఇక్కడ రాయను, వాళ్ళకు ఆ మాట ఇచ్చాను. పని ఎలా సాగిందో, ఎక్కడ తప్పు చేశానో మాత్రం దాచకుండా రాస్తాను. ఇలాంటి సినిమా మళ్ళీ ఎవరి చేతికైనా వస్తే వాళ్ళకు పనికొస్తుంది.

ముందు చదువుకున్నది

రాజ్యాంగం ప్రకారం 1965 జనవరి 26 నుంచి కేంద్రానికి హిందీ ఒక్కటే అధికార భాష కావాలి. ఆ గడువు దాటాక కూడా ఇంగ్లీషు వాడవచ్చు అని 1963లో అధికార భాషల చట్టం వచ్చింది. ఆ 'వచ్చు' దగ్గరే పేచీ. చట్టంలోని ఇంగ్లీషు మాట 'మే'. రాజ్యసభలో అన్నాదురై అభ్యంతరం చెప్పింది ఆ ఒక్క మాట మీదే. వాడవచ్చు అంటే వాడకపోవచ్చు కూడా కదా.

1965 జనవరి 25న మధురైలో గొడవలు మొదలయ్యాయి. 26న కోడంబాక్కం శివలింగం, 27న విరుగంబాక్కం అరంగనాథన్ ఒంటికి నిప్పు పెట్టుకుని చనిపోయారు. నేను రోజూ తిరిగే పేటలివి. మేం డబ్బింగ్ చెప్పిన స్టూడియో నుంచి విరుగంబాక్కం నడిచి వెళ్ళేంత దూరం. అదే 27న చిదంబరంలో అన్నామలై విశ్వవిద్యాలయం విద్యార్థి రాజేంద్రన్ పోలీసు తూటాకు బలయ్యాడు. ఫిబ్రవరిలో తిరుప్పూరులో గుంపు ఇద్దరు ఎస్సైలను తగలబెట్టి చంపింది. అప్పటి ముఖ్యమంత్రి భక్తవత్సలం. ప్రభుత్వ లెక్క ప్రకారమే 70 మంది దాకా పోయారు. ఫిబ్రవరి 11న ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి రేడియోలో మాట్లాడి, నెహ్రూ ఇచ్చిన హామీలకు కట్టుబడి ఉంటామన్నాక వేడి తగ్గింది.

సినిమాలోని కానిస్టేబుళ్ళకు చిదంబరం కబురూ తెలుసు, తిరుప్పూరు కబురూ తెలుసు. చంపుతామేమోనన్న భయం, చస్తామేమోనన్న భయం రెండూ ఒకే మనిషిలో ఉంటాయి. నటులు దాన్ని చాలా తక్కువ మాటల్లో చూపించారు. ఆ తక్కువ మాటల్ని నేను పాడుచేయకుండా ఉండాలి.

కథను 1952కు మారుద్దామన్నారు

తెలుగు హక్కులు కొన్న హైదరాబాద్ ఆయన మొదటి రోజే ఒక సలహా ఇచ్చారు. తమిళ భాషా ఉద్యమం మనవాళ్ళకేం పడుతుంది, కథను ఆంధ్ర రాష్ట్ర ఉద్యమంగా మార్చేయండి, అది కూడా మద్రాసులోనే కదా జరిగింది అని. ఆయన మాట పూర్తిగా తప్పేమీ కాదు. పొట్టి శ్రీరాములు 58 రోజులు నిరాహార దీక్ష చేసి 1952 డిసెంబర్ 15న ప్రాణం వదిలింది మైలాపూర్‌లోనే. ఆ తర్వాత నెల్లూరు లాంటి ఊళ్ళలో పోలీసులు కాల్పులు జరిపారు, మనుషులు చచ్చిపోయారు. ఒక సాయంత్రం రాయపేట హైరోడ్డులో ఉన్న ఆయన స్మారక భవనం దాకా వెళ్ళి, లోపల కాసేపు కూర్చుని వచ్చాను.

వచ్చాక, కుదరదు అని చెప్పేశాను. తెరమీద బోర్డులన్నీ తమిళంలో ఉన్నాయి, గోడమీద క్యాలెండర్ 1965 చూపిస్తుంది. అవన్నీ కంప్యూటర్లో చెరిపేయవచ్చు, ఆయనా అదే అన్నారు. కానీ ఆ కుర్రాడు చనిపోయింది తన భాష కోసం. అతని చావును తీసుకొచ్చి మన చరిత్రకు అంటించడం నాకు చేతకాలేదు. మన చావులు మనకున్నాయి, వాటికి వేరే సినిమా రావాలి. రెండు రోజులు వాదన నడిచింది. చివరికి ఆయనే ఒప్పుకున్నారు.

కథ తమిళనాడులోనే ఉంచాం సరే, మరి అందరూ తెలుగు మాట్లాడుతుంటే నినాదాల సంగతేంటి? తెలుగులో మాట్లాడే కుర్రాళ్ళు తెలుగులోనే 'తమిళం వర్ధిల్లాలి' అని అరిస్తే సినిమా అక్కడే చచ్చిపోతుంది. అందుకని గుంపు గొంతులన్నీ తమిళంలోనే ఉంచేశాం. 'తమిళ్ వాళ్గ! హిందీ ఒళిగ!' తమిళం వర్ధిల్లాలి, హిందీ నశించాలి అని. మాట తెలియకపోయినా సందర్భాన్ని బట్టి తెలుగువాడికి అర్థమవుతుంది. మాకు వచ్చిన మ్యూజిక్, ఎఫెక్ట్స్ ట్రాక్‌లో ఈ నినాదాలు లేవు, అవి డైలాగుల ట్రాక్‌లో కలిసిపోయి ఉన్నాయి. మళ్ళీ రికార్డు చేయాల్సి వచ్చింది. 14 మందిని పిలిచాం. అందరూ చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగు పిల్లలే, ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. మైకుకు దూరంగా నిలబెట్టి మూడు సార్లు అరిపించి, ఒకదాని మీద ఒకటి వేశాం. మూడోసారికి వాళ్ళ గొంతులు నిజంగానే బొంగురుపోయాయి. మిక్సింగ్‌లో ఎక్కువగా వాడింది ఆ మూడోదే.

ఒక చోట విద్యార్థి నాయకుడు హెడ్ కానిస్టేబుల్‌ను లాఠీకి ఎదురుగా నిలబడి అడుగుతాడు, మీరు తమిళులు కారా అని. మొదట 'మీరు తమిళవాళ్ళు కాదా' అనే రాశాను. స్క్రీన్ మీద చూస్తే చాలా ఎబ్బెట్టుగా ఉంది, అడిగేవాడి నోట్లో తెలుగు ఉంది మరి. మార్చి, 'మీ అమ్మ మీకు ఏ భాషలో జోల పాడింది?' అన్నాను. పెదాలకు కొంచెం పొడవైంది. 'మీ ఇంట్లో ఏ భాష?' దగ్గర ఆగాను. దానికి హెడ్డు జవాబు చెప్పడు, లాఠీ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటాడు, అంతే.

తిరుత్తణి కానిస్టేబుల్

ఈ సినిమాలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ వేధించిన పాత్ర ఇది. నలుగురు కానిస్టేబుళ్ళలో ఒకడి ఇంటి భాష తెలుగు. ఊరు తిరుత్తణి. ఆ తాలూకా 1960 ఏప్రిల్ 1 దాకా ఆంధ్రప్రదేశ్‌లో ఉండేది, సరిహద్దుల మార్పుతో మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. అంటే కథ జరిగే నాటికి అతను తమిళ రాష్ట్రం మనిషై అయిదేళ్ళు కూడా నిండలేదు. తమిళ సినిమాలో అతను స్టేషన్లో కొంచెం గట్టిపడ్డ తమిళం మాట్లాడతాడు, తల్లితో మాత్రం తెలుగు. తోటి కానిస్టేబుళ్ళు ఎగతాళి చేస్తారు. నీకేం పోయింది, హిందీ వచ్చినా తమిళం వచ్చినా నీకు ఒకటే గదా అంటారు.

తెలుగులోకి వచ్చేసరికి అందరిదీ తెలుగే. ఈ మనిషి పరాయితనం మొత్తం మాయమైపోతుంది.

మొదట తోచిన దారి, అతనికి స్టేషన్లో కూడా యాస పెట్టడం. అది తప్పు. యాస పెడితే మన ప్రేక్షకుడు వెంటనే కామెడీ అనుకుంటాడు, దశాబ్దాలుగా సినిమాలు అలా అలవాటు చేశాయి. అందుకని తిరగేశాను. స్టేషన్లో అందరూ మాట్లాడేది మామూలు తెలుగు, అది తమిళానికి బదులు. ఈ కానిస్టేబుల్ కూడా అక్కడ అదే మాట్లాడతాడు, కాకపోతే పుస్తకంలో చదివినట్టు కాస్త జాగ్రత్తగా. 'వస్తున్నానండి', 'చూస్తున్నానండి'. ఇంటికి వచ్చి తల్లి ఎదుట చెప్పులు విప్పగానే, 'వస్తా ఉండానమ్మా', 'రొంత నీళ్ళు ఇయ్యి', 'యాడికీ పోలేదులే'. భుజాలు దిగినట్టు గొంతు దిగుతుంది. గొంతు ఇచ్చిన కుర్రాడిది పుత్తూరు దగ్గరి పల్లె. ఆ నాలుగు సీన్లకూ అతనికి కాగితం అక్కర్లేకపోయింది.

అయ్యా, హెడ్డు, నిక్కర్లు

పిలుపుల గురించి క్లుప్తంగా చెప్తాను. తమిళంలో కింది ఉద్యోగులు ఎస్సైని 'అయ్యా' అంటారు, హెడ్డును 'ఏట్టయ్యా' అంటారు. ఇవాళ తెలుగు స్టేషన్లో 'సార్' తప్ప ఇంకో మాట వినపడదు. కానీ తెరమీద కానిస్టేబుళ్ళు ఖాకీ నిక్కర్లలో ఉన్నారు, అది ఇవాళ కాదు. 'అయ్యా' తెలుగులోనూ పాత మాటే, పెదాలకూ సరిగ్గా పడుతుంది, అలాగే ఉంచాను. 'ఏట్టయ్యా'కు 'హెడ్డుగారూ'. ఎస్సై మాత్రం అతన్ని 'ఏమయ్యా హెడ్డూ' అంటాడు. కాల్పులు అయిపోయిన రాత్రి ఒక్కసారి 'హెడ్డుగారూ' అంటాడు. తమిళంలో ఈ తేడా లేదు. నేను కలిపింది. ఆ రాత్రి ఆ ఎస్సైకి తోడు కావాలి, నటుడి కళ్ళలో అది ఉంది కాబట్టి ధైర్యం చేశాను.

నేను చేసిన తప్పులు

పదకొండు రోజుల్లో మొదటి స్క్రిప్టు అయిపోయింది. నాకు బాగా నచ్చింది కూడా. బాబాయి వరస అయ్యే పెద్దాయన ఒకరు పోరూరులో కొడుకు దగ్గర ఉంటారు. చిత్తూరు జిల్లా మనిషి, కానిస్టేబుల్‌గా చేరి హెడ్డుగా రిటైరయ్యారు. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లోనే, 1972లో, జై ఆంధ్ర ఉద్యమం బందోబస్తుకు కోస్తాకు పంపారట. మాటలు ఎలా ఉన్నాయో వింటారని లాప్‌టాప్ పట్టుకుని వెళ్ళాను. మొత్తం ఒకే బిగిన విన్నారు. మూడు చోట్ల ఆపమన్నారు.

మొదటిది. కాల్పుల సీన్లో ఎస్సై తమిళంలో 'కీళ సుడు' అంటాడు, కిందికి కాల్చమని. మన సినిమాల్లో పోలీసులు ఎప్పుడూ గాల్లోకే కదా కాలుస్తారని నేను 'గాల్లోకి కాల్చు' అని రాశాను. పెద్దాయన మొహం మారిపోయింది. "గాల్లోకి కాల్చేది యాడుందబ్బా? మాకు నేర్పించిందే కిందికి, కాళ్ళకు. పైకి కాలిస్తే ఆ గుండు యాడ పడుతుందో ఎవురికి తెలుసు? మేడ మీద నిలబడినోళ్ళు పోతారు." పోలీసు మాన్యువళ్ళలో ఉన్నదీ అదే. తలల పైనుంచి కాల్చకూడదు, గురి కింద ఉండాలి. తమిళ దర్శకుడు దాన్ని తెలుసుకుని రాశాడు, నేను తెలియక చెరిపాను. కథ ప్రకారం కిందికి గురిపెట్టిన తూటాకే, వంగి ఉన్న ఆ కుర్రాడు పోతాడు. విచారణ అంతా దాని మీదే నడుస్తుంది. నా ఒక్క మాటతో సినిమా వెన్నెముక విరిగేది.

రెండోది. ఆ రాత్రి కానిస్టేబుళ్ళు పోలీసు లైన్లలో పడుకునే సీన్. తమిళంలో రెండున్నర నిమిషాల్లో అయిదారు మాటలే ఉన్నాయి. డబ్బింగ్‌లో మాకొక చెడ్డ అలవాటు ఉంది. పాత్ర వీపు కనపడే షాట్ దొరికితే పెదాల బాధ లేదు గనక అక్కడ ఒక మాట దూర్చేస్తాం, ప్రేక్షకుడికి కథ అర్థం కావాలని. నేను ఆ సీన్లో అలా ఏడు మాటలు దూర్చాను. అందులో ఒకటి, "ఇవాళ కాల్పులు జరిగాయి, రేపు ఏం జరుగుతుందో."

"ఆ మాట మేం జీడీలో, స్టేషన్ డైరీలో, రాసేది నాయనా," అన్నారు పెద్దాయన. "లైన్లకొచ్చి పండుకున్నాక కాల్పులు జరిగినాయి అని ఎవురూ అనరు."

"మరేమంటారు బాబాయ్?"

"ఏమీ అనరు. బూట్లు తుడుచుకుంటారు."

ఏడు మాటలూ తీసేశాను. మొత్తం స్క్రిప్టులో అలా వీపుల మీద రాసినవి 31 ఉంటే 26 కొట్టేశాను.

మూడోది ఆయన ఆపమన్నది వేరే కారణానికి, కానీ నాకు తగిలింది మాత్రం అసలు సమస్య. తహశీల్దారు మేజిస్ట్రేటు హోదాలో కాగితం మీద రాసిచ్చే ఉత్తర్వు. అప్పట్లో అమల్లో ఉన్నది 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్. దాని 127వ సెక్షన్ ప్రకారం అయిదుగురు, అంతకు మించి గుమిగూడి శాంతికి భంగం కలిగేలా ఉంటే చెదిరిపొమ్మని మేజిస్ట్రేటు గానీ స్టేషన్ అధికారి గానీ ఆదేశించవచ్చు. సినిమాలో తహశీల్దారు తమిళంలో 'సుడలాం' అని రాస్తాడు. నేను 'అవసరమైతే కాల్చండి' అని రాశాను. "అంత స్పష్టంగా ఎవురు రాసిస్తారు?" అన్నారు పెద్దాయన, నవ్వకుండా.

ఇంటికి వచ్చి తమిళం మళ్ళీ పెట్టుకుని విన్నాను. మొదటి అరగంటలో హాస్టల్ గదిలో విద్యార్థులు అధికార భాషల చట్టం గురించి వాదించుకునే సీన్ ఉంది. అక్కడ 'మే' అన్న మాటకు తమిళంలో 'లాం' అనే చెప్తారు, మన 'వచ్చు' లాంటిది. తహశీల్దారు కాగితంలోనూ అదే 'లాం'. ఢిల్లీ చట్టంలో ఏ మాటను కుర్రాళ్ళు నమ్మలేకపోయారో, అదే మాటతో వాళ్ళ మీదికి తుపాకీ వచ్చింది. దర్శకుడు ఒక గంట దూరంలో కట్టిన ముడి అది. నేను హాస్టల్ సీన్లో 'ఇంగ్లీషు వాడుకునే వీలుంది' అనీ, ఇక్కడ 'కాల్చండి' అనీ రాసి ముడి రెండు కొసలూ తెంపేశాను.

అదృష్టం కొద్దీ తెలుగులో 'వచ్చు' ఉంది. అనుమతీ అదే, అనుమానమూ అదే. హాస్టల్లో 'ఇంగ్లీషు వాడవచ్చు అన్నారు, వాడాలి అనలేదు'. తహశీల్దారు కాగితం మీద 'అవసరమైతే కాల్చవచ్చు'. ఎస్సై ఆ కాగితాన్ని లాంతరు దగ్గర పట్టుకుని, "కాల్చొచ్చు అన్నారు. కాల్చమన్నట్టా అయ్యా, కాదన్నట్టా?" తహశీల్దారు జీపెక్కి వెళ్ళిపోతాడు. జీపు శబ్దంలో ఎస్సై అదే మాట మళ్ళీ గొణుక్కుంటాడు.

అప్పుడు నాకు మొత్తం స్క్రిప్టు వేరేగా కనపడింది. ఈ సినిమా అంతా క్రియల మీద నడుస్తోంది. కాగితాల్లో పని చేసినవాడు ఎక్కడా ఉండడు. 'స్వల్పంగా లాఠీఛార్జి జరిగింది', 'బలప్రయోగం అనివార్యమైంది', 'కాల్పులు జరపాల్సి వచ్చింది'. తెలుగు పత్రికలు చదివేవాడికి ఈ మాటలు అలవాటై చెవిలో పడవు కూడా. నేను రాసేటప్పుడు అవి నా చేతిలోంచి వాటంతట అవే వచ్చేశాయి, అధికారులు మాట్లాడే చోట మాత్రమే కాదు, కానిస్టేబుల్ పెళ్ళాంతో మాట్లాడే చోట కూడా. స్క్రిప్టు మొత్తం తీసి, ప్రతి క్రియ కిందా ఆ పని ఎవరు చేశారని ప్రశ్న వేసుకుంటూ వెళ్ళాను. రిపోర్టుల్లో 'జరిగాయి' ఉంచాను. ఇళ్ళల్లో తీసేశాను. దానికి ఇంకో తొమ్మిది రోజులు పట్టింది. హైదరాబాద్ ఆయనకు కోపం వచ్చింది, న్యాయమే.

రికార్డింగ్

ఒక్క రీలు గురించే చెప్తాను. కాల్పుల తర్వాత రోడ్డు మీద హెడ్ కానిస్టేబుల్ తూటాల ఖాళీ గొట్టాలు ఏరుతూ లెక్కపెడతాడు. ఇచ్చిన ప్రతి రౌండుకూ లెక్క చెప్పాలి కదా. కెమెరా అతని నోటి మీదే ఉంటుంది. తమిళంలో 'ఒణ్ణు, రెండు, మూణు'. రెండుకు రెండే. మూడో అంకెకు రెండు భాషల్లోనూ 'మూ' దగ్గర పెదాలు కలుస్తాయి. ఒకటి దగ్గర మాత్రం అర క్షణం ఎక్కువైంది, 'ఒక్...టి' అని మధ్యలో ఊపిరి పీల్చుకున్నారు ఆర్టిస్టు. ఆయన నెల్లూరు నాటకాల మనిషి. ఆ ఊపిరి తమిళంలో లేదు, వింటే అక్కడ ఉండాల్సిందే అనిపిస్తుంది.

విచారణ చివర తిరుత్తణి కానిస్టేబుల్ సాక్ష్యం. అధికారి అడుగుతాడు, ఏం జరిగింది? అతను నేర్పించిన మాటే చెప్తాడు, కాల్పులు జరిగాయండి. మళ్ళీ అడుగుతాడు. మళ్ళీ అదే. మూడోసారి చాలాసేపు ఆగి, తమిళంలో 'నాందాన్ సుట్టేన్' అంటాడు. క్లోజప్. స్క్రిప్టులో నేను 'నేనే కాల్చాను' అని రాశాను. 'సుట్టేన్'లో మూతి ముడుచుకుంటుంది, 'కాల్చాను'లో దవడ తెరుచుకుంటుంది, స్పష్టంగా తేడా తెలుస్తోంది. 'పేల్చాను' అంటే పెదాలు కలవాలి, ఇంకా అన్యాయం. 'తుపాకీ పేలింది' అని ఇంజనీర్ సూచించాడు. అందులోనూ పెదాలు కలవాలి, పైగా మళ్ళీ మనిషి తప్పించుకుంటాడు.

పదమూడు టేకులయ్యాయి. పద్నాలుగో టేకులో ఆ పుత్తూరు కుర్రాడు అలిసిపోయి, "నేనే కాల్చినానయ్యా" అనేశాడు. స్టేషన్ తెలుగు మరిచిపోయి ఇంటి తెలుగు వచ్చేసింది. అనేసి, సారీ సార్ మళ్ళీ చెప్తాను అన్నాడు. అద్దం ఇవతల మేం ముగ్గురం ఉన్నాం, ఎవరం మాట్లాడలేదు. సినిమా మొత్తంలో ఆ మనిషి తన తల్లితో తప్ప ఎవరితోనూ మాట్లాడని భాషలో ఒప్పుకున్నాడు. ఇంజనీర్ ఆ 'కా'ను నాలుగు ఫ్రేములు వెనక్కి జరిపి, నోరు తెరుచుకునే చోట కూర్చోబెట్టాడు. పెదాలు ఇప్పటికీ పూర్తిగా కలవవు. అలాగే వదిలేశాం. తమిళ దర్శకుడికి ఫోన్లో వినిపిస్తే, రెండోసారి వెయ్యమన్నాడు.

తర్వాత

డబ్బింగ్ సినిమాకు సెన్సార్ సర్టిఫికెట్ వేరే తీసుకోవాలి, అది త్వరగానే వచ్చింది. థియేటర్లలో వారం ఆడింది. తర్వాత ఓటీటీకి వెళ్ళింది. రెండు పనులు నాకు ఇప్పటికీ తృప్తినివ్వలేదు. హాస్టల్ సీన్లో 'వచ్చు' మీద వాదన తెలుగులో కాస్త పాఠంలా ఉంది, ఇంకొక రోజు దొరికితే సగం తగ్గించేవాణ్ణి. నినాదాల గోల మిక్సింగ్‌లో ఒక చోట ఎస్సై గొంతును మింగేసింది.

పోరూరు పెద్దాయన కొడుకు ఇంట్లో టీవీలో పెట్టుకుని చూశారు. నేనూ పక్కనే కూర్చున్నాను. ఆయనకు చెవి కొంచెం మందగించింది కాబట్టి కింద తెలుగు సబ్‌టైటిల్స్ పెట్టారు. వాటిని రాసింది నేను కాదు, వేరే ఎవరో. సాక్ష్యం సీన్ వచ్చింది. కుర్రాడు "నేనే కాల్చినానయ్యా" అన్నాడు. కింద తెల్లటి అక్షరాల్లో, మూడోసారి కూడా, 'కాల్పులు జరిగాయి' అని పడింది.

పెద్దాయన నా వైపు తిరిగి, "వాడేమన్నాడు?" అని అడిగారు. చెప్పాను.

సబ్‌టైటిల్ దిద్దమని ఆ రాత్రే రాశాను, మళ్ళీ పోయిన నెలా రాశాను. నిన్న సాయంత్రం పెట్టి చూశాను, అలాగే ఉంది.